పక్క ఫ్రేములో పుట్టిన వరుస

మా నరసన్నపేట బజారులో ఒక బంగారం కొట్టుకి వెబ్‌సైటు చేస్తున్న కుర్రాడు, నా పాత విద్యార్థే, ఈ వారం ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. పేజీ మధ్యలో ఐఫ్రేమ్, అందులో ధరల పట్టిక. పొద్దున్నే కొత్త రేటు రాగానే బయటి పేజీలోని స్క్రిప్టు ఒక వరుస తయారుచేసి లోపలి పట్టికకి తగిలిస్తుంది. కోడ్ చూసి ఒళ్లు మండింది. వరుసని పుట్టించింది బయటి డాక్యుమెంట్‌తో, తగిలించింది లోపలి డాక్యుమెంట్‌లో. మధ్యలో ఇంపోర్ట్‌నోడ్ లేదు, అడాప్ట్‌నోడ్ లేదు.

"ఇదేటి నాయనా?"

"పనిసేస్తంది కదా మాస్టారూ!"

ఈ కాలమ్ వదలకుండా చదివేవాళ్లకి నా చాదస్తం కొత్త కాదు. ఏ డాక్యుమెంట్‌లో ఉండాల్సిన ఎలిమెంట్‌ని ఆ డాక్యుమెంట్‌తోనే క్రియేట్‌ఎలిమెంట్ చేయించాలి.

ఈ చాదస్తం ఊరికే పట్టుకోలేదు. నేను కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే రోజుల్లో ఎక్కడ చూసినా ఫ్రేములే. నెట్‌స్కేప్ నావిగేటర్ 2తో 1996లో మొదలైన ఆ మోజు మా దాకా రావడానికి కొన్నేళ్లు పట్టింది, వచ్చాక ఓ పట్టాన వదల్లేదు. పైన బ్యానర్, ఎడమన మెనూ, కుడివైపు అసలు సరుకు. పిల్లలు ఎడమ ఫ్రేములో బటన్ చేసి కుడి ఫ్రేములోకి అపెండ్‌చైల్డ్ కొట్టేవారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 అలాంటి ఇంటర్‌ఫేస్ లేదని ఒక ముక్క మొహాన పడేసి ఊరుకునేది. ఏ ఇంటర్‌ఫేసో చెప్పి చావదు. ఇంపోర్ట్‌నోడ్ 2000 నాటి డామ్ రెండో స్థాయి ప్రమాణంలోనే ఉన్నా, ఎక్స్‌ప్లోరర్‌కి అది తొమ్మిదో వెర్షన్‌లో గానీ రాలేదు. నరసన్నపేట కార్డు పట్టుకెళ్లి టెక్కలి డిపోలో బియ్యం అడిగితే ఇస్తారా అని పిల్లల్ని గదమాయించేవాణ్ణి. (ఇప్పుడు ఇస్తున్నారు లెండి.)

నా మాట అక్షరాలా విన్న ఒక అమ్మాయి కుడి ఫ్రేము డాక్యుమెంట్‌తోనే బటన్ పుట్టించింది. నొక్కితే నడవాల్సిన ఫంక్షన్ మాత్రం ఎడమ ఫ్రేము స్క్రిప్టులో ఉంది. మెనూలో ఇంకో లింకు నొక్కగానే ఎడమ ఫ్రేములో వేరే పేజీ వచ్చింది. కుడివైపు బటన్ నిక్షేపంగా కనిపిస్తోంది. నొక్కితే, వదిలేసిన స్క్రిప్టులోని కోడ్ నడపలేనని ఎర్రర్. ఎలిమెంట్ పుట్టుక సక్రమమే, దాని వెనకున్న ఫంక్షన్ ఇల్లే కూలిపోయింది.

కుర్రాడికి ఈ పురాణమంతా విప్పుతుంటే నా వాదన నాకే పలచగా వినిపించింది. ఫైర్‌ఫాక్స్ 3 తయారవుతున్నప్పుడు మొజిల్లా వాళ్లు ఈ నియమాన్ని కచ్చితంగా అమలుచేసి చూశారు. సైట్లు మరీ ఎక్కువగా చెడిపోతున్నాయని వెనక్కి తీసుకుని, 2008లో అది లేకుండానే విడుదల చేశారు. తర్వాత ప్రమాణమే దిగివచ్చింది. ఇప్పుడు అపెండ్‌చైల్డ్ అనగానే ఎలిమెంట్‌ని కొత్త డాక్యుమెంట్‌కి బ్రౌజరే బదిలీ చేసేస్తుంది. ఆ నియమం ఇన్నాళ్లూ ఎవర్ని కాపాడినట్టు? ఒకరి సైటులో ఇంకొకరు చెయ్యి పెట్టకుండా ఆపే గోడ అది కాదు. దాని పేరు సేమ్ ఆరిజిన్. ఈ ధరల పట్టికే వేరే సైటుదైతే, బయటి స్క్రిప్టు కాంటెంట్‌డాక్యుమెంట్ అడిగితే నల్ చేతిలో పెడుతుంది. అప్పుడు పోస్ట్‌మెసేజ్‌తో కబురు పంపి, అవతలివాళ్లు వింటే సంతోషించడమే.

వరుసని అలాగే ఉండనిచ్చాను. దిద్దించింది వేరే చోట్ల. ఐఫ్రేమ్ లోడ్ అయ్యేదాకా స్క్రిప్టు ఆగడం లేదు. కొట్టులో నెట్ నెమ్మదిస్తే అక్కడింకా ఖాళీ డాక్యుమెంటే ఉంటుంది, తగిలించడానికి పట్టికే దొరకదు. రెండోది ఇంకా దొంగది. లోపలి ఫ్రేము పంపిన రేట్ల జాబితా అర్రేనా కాదా అని ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌తో అడుగుతున్నాడు. ప్రతి ఫ్రేముకీ తన అర్రే వేరు కాబట్టి, అచ్చమైన జాబితా కూడా కాదని తేలుతుంది. ఈ పనికే 2009 జావాస్క్రిప్టు ప్రమాణంలో అర్రే.ఈజ్‌అర్రే పెట్టారు.

బయటిదీ లోపలిదీ ఒకే సైటువి కదా, మధ్యలో ఐఫ్రేమ్ ఎందుకురా అని అడిగాను.

"మునుపు సేసినోడు అలాగెట్టీసి ఎల్లిపోనాడు మాస్టారూ. ముట్టుకుంటే షావుకారు తిడతాడు."