నట్లూ బోల్టులూ పోగేసిన ఇల్లు

కుర్చీ కాలు వదులైనా, సైకిలు మడ్‌గార్డు ఊగుతున్నా బజారుకి పరుగెత్తనక్కర్లేని ఇల్లంటే నాకెంతో గౌరవం. ఆ నట్ల, బోల్టుల నిల్వ ఒక్కరోజులో కొంటే వచ్చేది కాదు. పాత కూలరు పారేసేముందు విప్పి దాచినవి కొన్ని, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరమాడి తెచ్చుకున్నవి కొన్ని.

అసలు పనితనమంతా వేరుచేసి పెట్టుకోవడంలోనే ఉంది. మిల్లీమీటర్ల కొలతలో వచ్చే ఎం6 బోల్టు, పావు అంగుళం బోల్టు పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. ఎం6లో మరకీ మరకీ మధ్య 1 మిల్లీమీటరు. పావు అంగుళం దాంట్లో, అదీ మామూలు రకంలో, అంగుళానికి 20 మరలు, అంటే 1.27 మిల్లీమీటర్లు. పావు అంగుళం నట్టు ఎం6 బోల్టుకి ఎక్కినట్టే ఎక్కి, కాస్త తిరిగాక వదులుగానో వంకరగానో మొరాయిస్తుంది. బలవంతం చేస్తే మర పోతుంది. చెయ్యి తిరిగినవాళ్లు ముందు వేళ్లతోనే ఎక్కించి చూస్తారు, పానా ఆ తర్వాతే.

తలమీద 8.8 అని ఉన్నవి గట్టి ఉక్కువి. వాటిని అల్మారా తలుపులకి ఖర్చుపెట్టకుండా బరువు మోసేచోటికి అట్టిపెట్టాలి. ఇక అన్నిటికంటే ముందు అయిపోయేవి వాషర్లు. అవి మాత్రం రెట్టింపు తెచ్చుకోండి.