రాచపుండూ, మన కథలూ

జబ్బు ముదిరిన తర్వాత గాని మన పల్లెల్లో ఆడవాళ్లు ఆసుపత్రి గడప తొక్కరనీ, అందుకు అజ్ఞానమూ భయమూ కారణమనీ వైద్యులు అంటారు. కాదు, దారిద్ర్యమే కారణమని మన మిత్రులు అంటారు. రెండు వాదాల్లోనూ నిజం వున్నది. అయితే మొదటిది మనిషి మనసును సమాజం నుంచి వూడదీసి చూస్తుంది. రెండవది మనిషికి మనసనేది వొకటున్నదన్న సంగతే మరచిపోతుంది. పరీక్షకు పోవాలా వద్దా, ముక్క తీయించుకోవాలా వద్దా, చికిత్స సాగించాలా మానాలా అని క్యాన్సర్ రోగి చేసే నిర్ణయం యీ రెండు వాదాలకూ పూర్తిగా అందదు. యిందులో సాహిత్య విమర్శకుడికేం పని అని ఎవరైనా అడగవచ్చు. ఆ భయానికి ముడిసరుకు అందించిన వాటిలో మన కథలూ, సినిమాలూ, వుపన్యాసాలూ కూడా వున్నాయి. అదే పని.

ముందు దారిద్ర్యవాదం సంగతి చూద్దాం. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి వున్నది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చి శస్త్రచికిత్సకూ, కిరణచికిత్సకూ, మందులకూ పేదవాడు డబ్బు కట్టనక్కర లేని ఏర్పాటు జరిగింది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం, దేశంలో 30 నుంచి 49 యేళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష వొక్కసారైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. 2023 మార్చి 8న కరీంనగర్‌లో ఆరోగ్య మహిళ పథకం ప్రారంభించి, ప్రతి మంగళవారం స్త్రీలకే ప్రత్యేకంగా పరీక్షలన్నారు. పరీక్ష చేసే చోట్లు తక్కువే, బస్సు ఛార్జీ వున్నది, ఆ రోజు కూలి పోతుంది. వొప్పుకుందాం. కాని ఖర్చు వొక్కటే అడ్డయితే, ఖర్చు తగ్గిన మేరకైనా భయం తగ్గాలి గదా? తగ్గలేదు.

ఆ పరీక్షకు పెద్ద యంత్రం కూడా అక్కర లేదు. పలుచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వంటల్లో వాడే వెనిగర్‌లో వుండేదే, పూసి, తెల్లబడిన మచ్చ ఏదైనా వున్నదేమో కంటితో చూడడమే. 1998లో ముంబయి బస్తీల్లో టాటా ఆసుపత్రి వారు సుమారు లక్షన్నర మంది స్త్రీలతో మొదలుపెట్టిన పరిశీలనలో, పదో తరగతి చదివిన కార్యకర్తలే నేర్చుకొని యీ పని చేశారు. పరీక్షలు జరిగిన బస్తీల్లో ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో ప్రకటించారు. (పోల్చి చూడడం కోసం మిగిలిన బస్తీల స్త్రీలకు పరీక్ష చేయకుండా వుంచడం న్యాయమా అన్న ప్రశ్న వున్నది. అది చిన్న ప్రశ్న కాదు.)

యిక సిరిసిల్ల ప్రాంతంలోని ఎల్లంతకుంటకు వద్దాం. యీ చుట్టుపక్కల వూళ్లలోనూ, అటు జగిత్యాల, కోరుట్ల వైపునా, బీడీలు చుట్టి సంసారం లాగే ఆడవాళ్లు ఎందరో వున్నారు. చాట వొళ్లో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టే పనికి కూలి వెయ్యి బీడీల లెక్కన. వెయ్యి పూర్తికాని రోజు కూలి పూర్తి కాదు. అలాంటి స్త్రీకి రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలిందనుకుందాం. తొలిదశలో ఆ గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు. “నొస్తలేదు గదా” అంటుంది ఆమె. యిది అజ్ఞానమా? పనిని ఆపగలిగిందే రోగమని ఆమెకు జీవితం నేర్పింది. జ్వరంతో బీడీలు చుట్టింది, నిండు నెలలతో చుట్టింది. పని ఆపని గడ్డను రోగమని ఆమె ఏ లెక్కన వొప్పుకోవాలి? పుస్తకాలు దీన్ని నిరాకరణ మనస్తత్వం అంటాయి. వెయ్యి బీడీల లెక్క ఆ పుస్తకాలకు పట్టలేదు.

అంతకంటె లోతుగా చూడవలసిన మాట మరొకటి వున్నది. “కత్తి వడితె పాకుతది.” బయాప్సీకి ముక్క తీస్తే జబ్బు ముదురుతుందనే నమ్మకం తెలుగుదేశమంతటా వున్నది. వైద్యశాస్త్రం దృష్టిలో యిది తప్పు. రోగమేమిటో, ఏ రకమో తేలకుండా చికిత్స మొదలుపెట్టడమే అసలైన ప్రమాదం. కాని యిది మూఢనమ్మకమని కొట్టిపారేసేవారు, వూరి కళ్లకు కనిపించే సాక్ష్యం ఏమిటో ఆలోచించారా? పట్నం పోయినవాళ్లలో ఎక్కువమంది జబ్బు ముదిరాక పోయినవాళ్లే. కత్తి పడింది, కొన్ని నెలలకు మనిషి పోయింది. ముందు కత్తి, తర్వాత చావు. వూరు చూసింది యింతే. యీ వరస నుంచి ఎవరైనా చేసే తీర్మానమే వూరు చేసింది. తీర్మానం తప్పు, కాని దాన్ని చేసిన బుద్ధి తప్పుడు బుద్ధి కాదు.

మరి బతికినవాళ్లు లేరా? వున్నారు. తొలిదశలో పట్టుకున్న రొమ్ము క్యాన్సర్ చాలామందికి నయమవుతుంది. కాని నయమైన స్త్రీ ఆ మాట పైకి చెప్పదు. కూతురి పెళ్లి కావాలి. తల్లికి క్యాన్సరంటే సంబంధం వెనక్కి పోతుంది. కోడలు విడిగా గ్లాసు పెట్టవచ్చు. అందువల్ల గర్భసంచి తీశారనో, ఏదో గడ్డ తీశారనో చెప్పి వూరుకుంటుంది. చచ్చినవారి సంగతి వాడంతా తెలుస్తుంది, బతికినవారి సంగతి ఇంటి గడప దాటదు. వొక వూరి అనుభవం యిలా సగానికి కోసుకుపోతే, మిగిలిన సగం నుంచి భయం తప్ప ఏం పుడుతుంది? యీ మౌనాన్ని బద్దలుకొట్టవలసింది ఎవరు? గోడల మీద పోస్టర్లు అంటించేవారా?

మన కథలు యీ చోట ఏం చేశాయో చూడండి. దాసరి నారాయణరావు ‘ప్రేమాభిషేకం’ 1981లో వచ్చింది. క్యాన్సరని తెలిసిన నాయకుడు ప్రియురాలి మేలు కోరి ఆమె తనను అసహ్యించుకునేలా నడుచుకుంటాడు. 1993లో వచ్చిన ‘మాతృదేవోభవ’లో భర్త పోయిన తల్లి తన రోజులు దగ్గరపడ్డాయని తెలుసుకొని బిడ్డలను తలా వొక యింటికి పెంపకానికి యిస్తుంది. ప్రేక్షకులు కొంగులు తడుపుకున్నారు, అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. రెండవ చిత్రంలో పేద తల్లి ఆందోళన నిజమైనదే. కాని యీ కథల్లో క్యాన్సర్ దేనికి పనికివచ్చింది? త్యాగానికి గడువు పెట్టడానికి. రోగి చేసే పెద్ద నిర్ణయం ఎప్పుడూ ప్రేమ గురించో బిడ్డల గురించో వుంటుంది గాని చికిత్స గురించి వుండదు. జబ్బు తెలిసిన క్షణమే చావు తేదీ ఖాయమవుతుంది. ఇంటివారికి చెప్పకుండా దాచడం వుదాత్తత అవుతుంది. తొలిదశలో పరీక్ష చేయించుకొని, రొమ్ము తీయించుకొని, జుట్టు రాలి మళ్లీ మొలిచి, తిరిగి చాట ముందు కూచున్న స్త్రీ మన తెరమీద నాయిక కాలేదు. ఆమె కథలో కన్నీరు తక్కువనుకున్నారో ఏమో.

మనవాళ్లేమీ తక్కువ తినలేదు. సామ్రాజ్యవాదం మానవజాతికి పట్టిన క్యాన్సర్, కులం సమాజానికి పుట్టిన రాచపుండు — యీ రూపకాలు మన వేదికల మీద ఎన్నిసార్లు వినపడ్డాయి! కోసి పారేయవలసిందీ, నయం కానిదీ, సిగ్గుపడవలసిందీ అయిన ప్రతిదానికీ ఆ పేరే. అమెరికన్ రచయిత్రి సుసాన్ సాంటాగ్ తానే రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొంది, 1978లో యీ రూపకాల మీదనే వొక పుస్తకం రాసింది. జబ్బును జబ్బుగా చూడనివ్వకుండా దానిమీద పాపమూ శాపమూ మోపడం రోగికి రెండో జబ్బని ఆమె వాదం. రాచపుండు అన్న మన పాత మాటలోనే వొక తీర్పు వినిపిస్తుంది. ఆ తీర్పును మనం మైకుల్లో మళ్లీ చదువుతున్నాం.

యిక నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న మిగిలింది. జనం వుచిత పరీక్షలకు ఎందుకు రారని అమెరికా ప్రజారోగ్య శాఖలోని మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1950ల్లో క్షయ ఎక్స్‌రేల సందర్భంలో ఆలోచించి వొక నమూనా తయారుచేశారు. తనకు జబ్బు రావచ్చనుకుంటున్నాడా, వస్తే తీవ్రమనుకుంటున్నాడా, పరీక్ష వల్ల లాభమున్నదనుకుంటున్నాడా, అడ్డంకులేమిటనుకుంటున్నాడా అని లెక్క. పనికిమాలినది కాదు. కాని ఆ లెక్కలో వొంటరి మనిషి కూచుని తూకం వేస్తున్నాడు. మన వూళ్లో తూకం చేతిలో వున్నది ఎవరికి? భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో వుంటాడు. అతడి ఫోను రావాలి. అత్త వొప్పుకోవాలి. కొడుకు సెలవు పెట్టాలి. గడ్డ మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

ప్రభుత్వమూ, శాస్త్రమూ కూడా యీ అలవాటుకు దూరంగా లేవు. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 యేళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేసి పరిశీలించారు. ఆశ్రమ పాఠశాలల్లోని గిరిజన బాలికలు వారిలో వున్నారు. రెండు వేలకు పైగా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు చేసినట్టు విచారణలో బయటపడింది. కొందరు బాలికలు చనిపోయాక, 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణ సంఘం తేల్చలేదు. ఆ టీకా మంచిదే, దాన్ని వ్యతిరేకించడం అభివృద్ధి నిరోధకమే అవుతుంది. కాని అడగకుండా చేసిన మేలు, రేపు అడిగి చేసే మేలును కూడా అనుమానించేలా చేస్తుంది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఖమ్మంలో వార్డెన్ చేసిన పనినే ఇంట్లో కొడుకు చేస్తాడు, ప్రేమతో. వైద్యుణ్ణి పక్కకు పిలిచి, “అమ్మకు చెప్పకండి సార్, తట్టుకోదు” అంటాడు. వైద్యుడికి బయట వందమంది ఎదురుచూస్తున్నారు, సరే అంటాడు. గడ్డ కరగడానికి సూదిమందని ఆమెకు చెపుతారు. మొదటి సూదికి వాంతులు, రెండవదానికి జుట్టు. గడ్డ చేతికి చిన్నదిగానే తగులుతోంది. కరగవలసింది కరిగింది, యిక యీ విషం దేనికి అని ఆమె మూడవసారి బస్సెక్కదు. తనకు చెప్పిన దాన్ని బట్టి చూస్తే ఆమె ఆలోచనలో వొక్క తప్పటడుగు లేదు. ఆసుపత్రి కాగితంలో మాత్రం రోగి చికిత్సకు నిరాకరించిందని రాస్తారు.