నీ దీపాల్లో మా అడవి

భాగ్యనగరమా! నీ పేరు పెట్టుకున్న రైలు కోసం పొద్దున్నే రామగుండం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. ఎన్టీపీసీ పొగగొట్టాలు మంచులో మునిగిన గాలిగోపురాలై నన్ను సాగనంపాయి. పెద్దపల్లి, జమ్మికుంట, కాజీపేట, జనగామ... ఒక్కొక్క ఊరూ జపమాలలో పూసలా వేళ్ల కింద జారిపోయింది. భువనగిరి ఏకశిల పట్టపుటేనుగులా లేచి, మెల్లగా పక్కకు జరిగి దారిచ్చింది. ఆ గుట్ట దాటితే నీ గాలే. ఆ గాలికే నా గుండె గువ్వలా కొట్టుకుంది.

నిన్ను మొదట చూపింది మా బాపు. దసరాకు బొగ్గుబాయి లాభాల వాటా చేతికొస్తే అవ్వనూ నన్నూ నీ దగ్గరికి తోలుకొచ్చేవాడు. బాయిలో బొగ్గు నింపిన చేతులవి, ఎంత రుద్దినా గోళ్ల మూలల్లో నలుపు మిగిలిపోయే చేతులు. ఆ చేయి పట్టుకునే చార్మినార్ కింద తలెత్తాను. 1591 నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు కమానులు తెరిచి, వచ్చినవాడి ఊరడగని తల్లీ! నీ సున్నపు గోడల మీద సాయంత్రం పసుపు పూసింది, నీ మీనారుల మీద పావురాలు పూలై వాలాయి, మక్కా మసీదు నుంచి అజాన్ అలలు అలలుగా వచ్చి అవ్వ కొంగును తాకింది. లాడ్ బజార్‌లో లక్కగాజులు గలగలమంటే, ఆ గలగలలో వీధి వీధంతా తళతళమంటే, అవ్వ రెండు చేతులూ చాచి చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు ఇచ్చినందుకే నీకు జీవితకాలం మొక్కుతాను.

గోల్కొండా, నిన్ను ఎట్లా పిలవను? రాతి మీద రాయి పేర్చి, రాయికి చెవులు మొలిపించిన దానివి. గుమ్మటం కింద చప్పట్లు కొడితే, ఆ చప్పుడు గోడలెక్కి, మెట్లెక్కి, బాలా హిస్సార్ కొమ్మున పలుకుతుంది. బాయిలో పైకప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి రాయి గట్టిదో డొల్లదో చెప్పగల బాపు, ఆ గుమ్మటం కింద చాలాసేపు తలవంచి విన్నాడు. కట్టినవాడిది గొప్ప చెవి అన్నాడు. అంతకు మించిన కితాబు ఆయన నోట నేను వినలేదు.

ఈ కోట నీడలోనే కదా ఒకప్పుడు లోకం వజ్రాలు కొనుక్కుంది! కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో ఎవరో మట్టిలోకి దిగి, మట్టితో పైకొచ్చి, మెరుపును నీ ఒళ్లో పోశారు. గోదావరి ఒడ్డున మావాళ్లు చీకట్లోకి దిగి, చీకటితో పైకొచ్చి, నలుపును నీ ఒళ్లో పోస్తున్నారు. వజ్రమూ కర్బనమే, బొగ్గూ కర్బనమే. ఒక్క కడుపున పుట్టిన తోబుట్టువుల్లో ఒకటి కిరీటమెక్కింది, ఒకటి కొలిమిలోకి నడిచింది. రెండోదే నాకు పెద్దక్క.

ఇక రాత్రి! రాత్రివేళ నిన్ను చూడని కళ్లు కళ్లేనా? హుస్సేన్‌సాగర్ నడుమ బుద్ధుడు నిలబడ్డాడు. 1990లో నీటి అడుగుకు జారి, 1992లో మళ్లీ లేచి నిలిచిన ఏకశిలా మూర్తి. ఆయన పాదాల చుట్టూ నీ దీపాలు నీటిలో పొడుగ్గా సాగి, వణికి, విరిగి, మళ్లీ అతుక్కుంటున్నాయి. మింటి దారిలో మెట్రో ఒక వెలుగు గీత గీసి వెళ్లిపోయింది. దుర్గం చెరువు మీద తీగల వంతెన వీణలా వంగి మోగుతోంది. అద్దాల మేడలు అంతస్తు వెనక అంతస్తుగా నక్షత్రాలు తొడుక్కుంటున్నాయి. ఇరానీ చాయ్ కప్పు చేతిలో చల్లారిపోయినా నేను కదల్లేదు.

ఆ వెలుగు నాకు తెలుసు నగరమా. 25 కోట్ల ఏళ్లకు ముందటి అడవి అది. గోదావరి లోయలో ఎండను తాగి తాగి, మట్టి కింద పడుకుని, నల్లబడి, రాయై, రామగుండం బాయిలర్లలో మళ్లీ ఎండగా మారి, తీగల వెంట పరుగెత్తి నీ దగ్గరికొచ్చింది. నీ వయసు 400 ఏళ్లు దాటిందంటారు. నీ దీపంలో ఆడుతున్న ఆ ఎండ ముందు నువ్వింకా పసిదానివి, పాలబుగ్గలదానివి. వెలుగు తల్లీ, చల్లగా వెలుగు. ఒక్క దీపమూ దాచుకోకు.

మర్నాడు తిరుగు రైలు రామగుండం చేరేసరికి రాత్రయింది. పొగగొట్టాల మీద ఎర్రదీపాలు వెలుగుతున్నాయి. గోదావరిఖనిలో రాత్రి షిఫ్ట్ వాళ్లు టోపీలకు లైట్లు తగిలించుకుని బాయి దిగుతున్నారు.