తాళంచెవి ఎవరి దగ్గర?

పోయిన ఆదివారం మేనల్లుడి నిశ్చితార్థానికి కారైక్కుడి వెళ్లి, మధ్యాహ్నం ‘ద బంగళా’లో భోంచేశాం. ఒకప్పుడు చెట్టియార్ల క్లబ్బు అది, 1990ల చివర్లో హోటలైంది. అరిటాకులో వడ్డన జోరుగా సాగుతుంటే నేను మాత్రం మొహం ముడుచుకుని కూర్చున్నాను.

నా పాత పాట మీకు తెలిసిందే. కావాలంటే ఇల్లు అమ్ముకోండి గానీ, వసారాలో బల్లలేసి పులుసుకు రేటు కట్టకండి. 2010లో ఫలక్‌నుమా ప్యాలెస్ తాజ్ హోటలై, 101 మంది కూర్చునే భోజనబల్ల డబ్బున్న అతిథులకు అందుబాటులోకి వచ్చినప్పుడు కూడా ఇదే కాలమ్‌లో చిందులేశాను.

అప్పుడు నాకు అండగా నిలిచింది మా రాజపాళయంలోని ఒక ఇల్లు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపి, ఆనక ఒరిస్సా గవర్నరుగా వెళ్లిన పి.ఎస్. కుమారస్వామి రాజా గారు సొంతింటిని గాంధీ కలై మన్రం అనే కళాకేంద్రానికి ఇచ్చేశారు. చిన్నప్పుడు మా నాయన సైకిల్ బారు మీద నన్ను కూర్చోబెట్టుకుని ఆ గేటు ముందు ఆపేవాడు. భుజం మీది తుండు తీసి చేతిలో పట్టుకునేవాడు, గుడికొచ్చినట్టు. “ఇల్లు కట్టడం కాదురా, ఇవ్వడం చూడు” అనేవాడు. లోపలికి మాత్రం తీసుకెళ్లలేదు. బయట నిలబడే నేర్చుకున్నాను, ఆ కోపమూ అక్కడిదే.

భోజనమయ్యాక కానాడుకాత్తాన్‌లో హోటలైన మరో ఇంట్లోకి తొంగిచూశాం. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి మెరుగుపట్టిన గోడ. చెంప ఆనించాను, మిట్టమధ్యాహ్నం కూడా కుండలో నీళ్లంత చల్లగా ఉంది. మూల ఒక మేస్త్రీ పెచ్చు ఊడినచోట తాపీతో చిన్నగా రుద్దుతున్నాడు. “ఏడాదికోసారి చేస్తారా?” అన్నాను. “బిల్లు కట్టేవాళ్లున్నంతకాలం చేస్తాం సార్” అన్నాడు.

మా తాతగారింటికి బిల్లు కట్టేవాళ్లెవరు? పదకొండు మంది వారసులం. పిట్టగోడలో రావిమొక్క నా నడుమెత్తు పెరిగింది. మధ్యగదిలో వాన పడుతోందని పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే “పాపం” అని పెట్టేశాను. ఇచ్చేసే పెద్దమనసు మాలో ఎవరికీ లేదు, అమ్మడానికి పదకొండు సంతకాలు కుదరవు. ఇక మిగిలింది ఆ పులుసు రేటే. బారు పెడతామన్నా ఈసారి నేను నోరెత్తను.

దారిలోనే పెద్దబావకు ఫోన్ చేశాను. “బావా, ఇంటి తాళంచెవి నీ దగ్గరేనా?”

“నీ దగ్గరుందనుకున్నానే!”