నలభై తొమ్మిది వేల ఉంగరాలు

హైదరాబాద్‌లో కంప్యూటర్ అనగానే అందరి చూపూ మాదాపూర్ వైపే పోతుంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక హైటెక్ సిటీయే ఊరికి ఆనవాలైపోయింది. అంతకు దాదాపు మూడు దశాబ్దాల ముందే ఈ ఊళ్లో కంప్యూటర్లు తయారయ్యాయి. సాఫ్ట్‌వేర్ కాదు, అసలు యంత్రాలే. ఆ పని జరిగింది నగరానికి ఆ కొసన, కుషాయిగూడ వైపు. ‘ఈసీఐఎల్, ఈసీఐఎల్’ అని కండక్టర్ కేకేస్తే రోజూ వేలమంది దిగే చోటు అది. ఆ నాలుగక్షరాల వెనక ఏముందో ఆలోచించే తీరిక ఎవరికుంటుంది లెండి.

అణుశక్తి శాఖ కింద 1967లో పుట్టిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అది. దాన్ని నిలబెట్టిన మనిషి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. కాశీలోనూ స్టాన్‌ఫర్డ్‌లోనూ చదివి, ముంబై ట్రాంబేలో అణుశాస్త్రవేత్త హోమీ భాభా దగ్గర రియాక్టర్లకు కావలసిన ఎలక్ట్రానిక్స్‌ను మన దేశంలోనే చేయించిన ఇంజనీరు. ఆ పక్కనే ఉన్న ఏఎస్ రావు నగర్ పేరులోని ఏఎస్ రావు ఆయనే. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ-12, అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, 1969లో ఈసీఐఎల్ పేరుతో బయటికొచ్చింది.

ఆ యంత్రంలో నన్ను కట్టిపడేసేది దాని కోర్ మెమరీ. గరిష్ఠంగా 4096 గడులు, గడికి 12 బిట్లు. ఇప్పటి లెక్కలో ఆరు కిలోబైట్లు. మీ బాబాయి పొద్దున్నే వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ బొమ్మ అందులో పట్టదు. కానీ ఆ కాలపు కోర్ మెమరీలో ఒక్కో బిట్‌కూ ఒక్కో ఉంగరం కావాలి. ఐరన్ ఆక్సైడ్ కలిసిన పొడిని అచ్చుపోసి కాల్చిన ఫెరైట్ ఉంగరం, ఇంచుమించు ఆవగింజంత. గడులన్నీ నిండాలంటే 49,152 ఉంగరాలు.

ఉంగరం ఒకవైపు అయస్కాంతీకరణ చెందితే ఒకటి, తిరగబడితే సున్నా. ఒక్కోదానికీ విడి తీగ లాగితే పెట్టె నిండా తీగలే మిగులుతాయి. అందుకే గడిలోని ఒక్కో బిట్‌కూ ఒక పలక చొప్పున, నిలువుగా 64, అడ్డంగా 64 తీగలు పరిచి, అవి కలిసే ప్రతిచోటా ఒక ఉంగరం గుచ్చడం వాడుకైంది. కావలసిన నిలువు తీగలో సగం కరెంటు, అడ్డ తీగలో సగం. సగానికి ఏ ఉంగరమూ కదలదు. రెండు సగాలూ కలిసిన చోట ఉన్న ఒక్కటే తిరగబడుతుంది. 128 తీగలతో 4096 ఉంగరాల్లో ఏదైనా మన చేతికి చిక్కుతుంది. పైకి తేలికే. కానీ ఉంగరాలన్నిటికీ ఒకే మొండితనం ఉండాలి. సగానికి లొంగేది ఒక్కటి దూరినా లెక్క తప్పుతుంది.

చదవడం ఇంకా చిత్రం. ఉంగరాన్ని బలవంతాన సున్నా వైపు తోస్తారు. అందులో ఒకటి ఉంటే అది తిరగబడుతూ, ఉంగరాలన్నిట్లోంచీ సాగే సెన్స్ తీగలో చిన్న కరెంటు పుట్టిస్తుంది. అంటే చదివామంటే చెరిపేసినట్టే. వెంటనే మళ్లీ రాయాలి. పైగా అదే వరుసల్లో సగం కరెంటు తగిలిన మిగతా 126 ఉంగరాలూ తలా కాస్త గొణుగుతాయి. ఆ గొణుగుడులో అసలు కబురు మునిగిపోకుండా సెన్స్ తీగను సగం ఉంగరాల్లోంచి ఒక దిశలోనూ, మిగతా సగంలోంచి ఎదురు దిశలోనూ తీసుకెళ్తారు. రొదకు రొద చెల్లు. అసలు పనితనం అంటే ఇదీ. ఆ తీగ ఎక్కడ మళ్లాలో తెలిసి, భూతద్దం కింద, చేత్తో గుచ్చాలి. ప్రపంచమంతటా ఈ పని ఎక్కువగా ఆడవాళ్లే చేశారు. చరిత్ర పుస్తకాల్లో ఆన్ వాంగ్, జే ఫారెస్టర్ లాంటి సృష్టికర్తలే కనిపిస్తారు. గుచ్చినవాళ్ల పేర్లు దొరకవు.

కరెంటు పోయినా ఈ మెమరీ చెరగదు. ఒక యంత్రాన్నో ప్రయోగాన్నో క్షణక్షణం కనిపెట్టుకుని ఉండాల్సిన కంప్యూటర్‌కు అది చిన్న వరం కాదు.

టీడీసీ-12 ప్రపంచానికి కొత్తేమీ కాదు. అమెరికాలో 12 బిట్ల పీడీపీ-8 1965లోనే వచ్చింది. ఇంటెల్ మెమరీ చిప్ 1103 కూడా 1970లో వచ్చేసి, ఉంగరాల రోజులు దగ్గరపడ్డాయని చెప్పేసింది. ఈసీఐఎల్ కూడా ఆగలేదు: 1974లో టీడీసీ-312, ఆ మరుసటి ఏడాది 16 బిట్ల టీడీసీ-316, తర్వాత మైక్రోప్రాసెసర్‌తో మైక్రో-78. కొన్నవి ఎక్కువగా ప్రభుత్వ ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలు. వ్యాపారంగా చూస్తే గొప్ప విజయం కాదు, ఒప్పుకోవాలి. కానీ కంప్యూటర్‌ను లోపలి నుంచి ఎరిగిన ఇంజనీర్లు ఈ ఊళ్లో తయారైంది అక్కడే. హైటెక్ సిటీ కథ చెప్పేవాళ్లు ఈ అధ్యాయాన్ని దాటేయడం అన్యాయం.

ఏఎస్ రావు నగర్, కమలానగర్ చుట్టుపక్కల మీ ఇంట్లో రిటైరైన పెద్దలెవరైనా ఉంటే, వాళ్ల పాత డ్రాయర్లో అరచేతిలో పట్టే సన్నటి తీగల పలక దొరికితే, పాత సామాన్ల వాడికి తూకానికి వేయకండి. భూతద్దం తెచ్చి, సెన్స్ తీగ ఎక్కడ మళ్లిందో ఒకసారి వెతికి చూడండి.