'హలో బ్రదర్': మనం దేనికి నవ్వుతున్నాం?

ఇ.వి.వి. సత్యనారాయణ తీసిన 'హలో బ్రదర్' 1994లో వచ్చింది. ఇప్పటికీ టీవీలో వేస్తే మన తండాల్లో, ఎరుకల వాడల్లో పిల్లలూ పెద్దలూ కలిసే చూస్తారు. నాగార్జునవి రెండు వేషాలు. పుట్టగానే విడిపోయిన కవలల్లో ఒకడు పోలీసు అధికారి అయిన తండ్రి దగ్గర పెరిగి పాటగాడవుతాడు. రెండోవాడు దేవా, కన్నవాళ్లకు దూరమై చిల్లర దొంగ అవుతాడు. ఇద్దరూ దగ్గర్లో ఉంటే ఒకడి ఒంటికి జరిగింది రెండోవాడి ఒంటికీ జరుగుతుంది. జాకీ చాన్ 'ట్విన్ డ్రాగన్స్' నుంచి వచ్చిన ఈ ఊహ 1997లో హిందీ 'జుడ్వా' కూడా అయింది.

ఈ సినిమా మీద రెండు మాటలు వింటుంటాం. బూతు ఎక్కువ, పిల్లలతో చూడలేం అనేది ఒకటి. నవ్వుకోడానికి తీసినదాంట్లో తప్పులెందుకు ఎన్నడం అనేది రెండోది. రెండూ చాలవని మా అభిప్రాయం.

సరసానికి ఉలిక్కిపడేవాళ్లం కాదు మనం. మన పెళ్లిళ్లలో బావామరదళ్ల వేళాకోళం మొరటుగానే ఉంటుంది. అయితే అక్కడ మరదలు ఊరుకోదు, తిరిగి అంటుంది. ఒక్కోసారి బావే తలదించుకుంటాడు. ఈ సినిమాలో ఒక అన్నదమ్ముడి కోరిక రెండోవాడి చేతుల్ని కదిలిస్తుంది. ఎదురుగా ఉన్న ఆడమనిషి ఇష్టం ఎవరికీ పట్టదు. చేయి వేసినవాడిదీ తప్పు కాదు, కోరుకున్నవాడిదీ కాదు. రమ్యకృష్ణ, సౌందర్య లాంటి నటులుండి కూడా వాళ్ల పాత్రలకు నోరు లేదు. మిరపకోతకు కిక్కిరిసిన ఆటోల్లో వెళ్లే మన ఆడపిల్లలు "కావాలని కాదు, తగిలింది" అనే మాట ఎన్నిసార్లు విన్నారో వాళ్లనే అడగండి. బూతు కన్నా మాకు బాధ అక్కడ.

మేలు కూడా చెప్పుకోవాలి. ఒక్క కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకడు పాటగాడు, ఒకడు దొంగ. అంటే దొంగతనం నెత్తుటిలో లేదని ఈ కథే ఒప్పుకుంటోంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం సరిగ్గా దీనికి ఎదురు చెప్పింది. 1911లో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చి ఎరుకలను పుట్టుకతోనే దొంగలన్నది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా వెలిసిన సెటిల్‌మెంటే. చట్టం 1952లో పోయింది. వేసిన ముద్ర పోలేదు. దేవా దొంగతనాలకు ఈలలు వేస్తాం, అతను అధికారి కొడుకని ముందే తెలుసు కాబట్టి. అదే కొంటెతనం స్టూవర్టుపురం కుర్రాడు చేస్తే ఊరు నవ్వదు, జేబులు తడుముకుంటుంది.

ఉపాధ్యాయులకు ఒక మాట. చూడొద్దంటే పిల్లలు మానరు, ఫోన్లో చూస్తారు. మర్నాడు తరగతిలో రెండు ప్రశ్నలు వేయండి. ఆ అమ్మాయికి నోరుంటే అప్పుడు ఏమనేది? దేవా అధికారి కొడుకు కాకపోయుంటే చివర్లో అతన్ని ఎవరు దగ్గరకు తీసుకునేవారు? జవాబులు పిల్లలే చెబుతారు. వాళ్లు చెప్పేదాకా ఆగుదాం.