ఎవరింట్లో స్నేహం?

'ఊపిరి' సినిమా మీరు చూసే ఉంటారు. 2016 మార్చిలో వచ్చింది. మెడ కిందంతా చచ్చుబడిపోయిన కోటీశ్వరుడిగా నాగార్జున, పెరోలు మీద జైల్లోంచి వచ్చి ఆయన్ని కనిపెట్టుకుని ఉండే శీనుగా కార్తి. నేను మా సంగారెడ్డిలో చూశాను. నవ్వాను, ఏడ్చాను, పమిట చెంగు తడిపాను. ఇంటికొచ్చి కూర తరుగుతూంటే మాత్రం, కాల్లో విరిగిన ముల్లులా ఏదో కలుక్కుమంది.

వంశీ పైడిపల్లి తీసిన ఈ చిత్రానికి మూలం 2011 నాటి ఫ్రెంచి సినిమా 'ది ఇన్‌టచబుల్స్'. దానికి మూలం నిజంగా జరిగిన కథ. ఫిలిప్ పోజో ది బోర్గో అనే సంపన్నుడు 1993లో పారాగ్లైడింగ్ చేస్తూ పడిపోయి మంచానికి అతుక్కుపోతే, అల్జీరియాలో పుట్టిన అబ్దెల్ సెల్లూ అనే యువకుడు ఆయనకి కాళ్ళూ చేతులూ అయ్యాడు. ఫిలిప్ తన కథ తానే రాసుకున్నాడు. ఆ పుస్తకం పేరుకి అర్థం 'రెండో ఊపిరి'. మనవాళ్ళు పెట్టిన పేరు ఫ్రెంచి సినిమా పేరు కంటే ఆ పుస్తకానికే దగ్గరగా ఉంది. అది నాకు భలే నచ్చింది.

అబ్దెల్ అరబ్బు. ఫ్రెంచి దర్శకులు అతణ్ణి సెనెగల్ నుంచి వచ్చిన నల్లవాడిగా మార్చారు, అడ్డుగోడ అందరికీ కనబడాలని కాబోలు. మనవాళ్ళు ఆ గోడనే పీకేశారు! డబ్బున్న తెలుగువాడు, డబ్బులేని తెలుగువాడు, అంతే మిగిలింది. మనకి గోడలు లేవా? ఒంటి రంగు కాకపోతే కులముంది, ఊరుంది, భాష ఉంది. శీనుది ఏ కులమో సినిమా పట్టించుకోదు. మా పక్కింటావిడైతే మొదటి రోజే కనుక్కునేది.

నటన సంగతికొస్తే వంక పెట్టడానికి లేదు. అంత పెద్ద హీరో సినిమా పొడుగునా కుర్చీలో కదలకుండా కూర్చుని ముఖంతోనే నెట్టుకురావడం సామాన్యమా? కార్తి అల్లరికి చిన్నపిల్లలు కూడా పడిపడి నవ్వారు. నా పేచీ అక్కడ కాదు, ఆ ఇంటితో. ఆ స్నేహమంతా ఉన్నవాడి ఇంట్లోనే పుడుతుంది. లేనివాడు జీతానికి వస్తాడు, మెల్లగా మనసులో చోటు సంపాదిస్తాడు. కానీ గుమ్మం ఉన్నవాడిదే, తీసేదీ వేసేదీ అతనే.

ఇలాంటిదే ఒక అమెరికా పుస్తకం ఉంది, 2006లో వచ్చిన 'సేమ్ కైండ్ ఆఫ్ డిఫరెంట్ యాజ్ మీ'. రాన్ హాల్ బొమ్మల వర్తకుడు, తెల్లవాడు, డబ్బున్నవాడు. డెన్వర్ మూర్ లూసియానా పత్తిచేలల్లో వెట్టిలాంటి బతుకు బతికి, ఏళ్ళ తరబడి వీధుల్లో పడుకున్న నల్లవాడు. ఇద్దరూ కలిసి రాసిన పుస్తకం. హాల్ భార్య డెబొరా, ఇల్లు లేనివాళ్ళకి అన్నం పెట్టే చోటికి భర్తని లాక్కెళ్ళిన మహాతల్లి. స్నేహం చేద్దామని హాల్ అడిగితే డెన్వర్ వెంటనే ఊఁ అనడు. తెల్లవాళ్ళు చేపని పట్టి మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తారటగా, నన్నూ అలా పట్టి వదిలేసేటట్టయితే నీ స్నేహం నాకొద్దు అని షరతు పెడతాడు. మన శీనుకి అడగడానికి అలాంటి ప్రశ్న ఒక్కటి ఇచ్చినా సినిమా ఇంకో మెట్టు ఎక్కేది.

ఇంత గట్టిగా చెప్పే హక్కు నాకుందా అంటే, చెప్పుకోవలసిన సంగతి ఒకటుంది.

పటాన్‌చెరు దాటాక ఇస్నాపూర్ వైపు మేం ఇల్లు కట్టుకుంటున్నప్పుడు, ఒడిశా నుంచి వచ్చిన కూలీల కుటుంబమొకటి ఆ తలుపుల్లేని గదుల్లోనే కాపురముండేది. ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీలూ ఇళ్ళూ కట్టేవాళ్ళ బతుకింతే. కట్టినన్నాళ్ళు అందులో ఉంటారు, తలుపులు పెట్టాక ఇంకో మొండిగోడల మధ్యకి. ఆ ఇల్లాలు నన్ను "దీదీ" అనేది. వచ్చీరాని హిందీలో నేనూ, వచ్చీరాని తెలుగులో తనూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళం. వాళ్ళ పఖాళ మన చద్దన్నమేనని తెలిసి ఇద్దరం నవ్వుకున్నాం. ఏ కిటికీలోంచి గాలొస్తుందో, ఏ గోడకి వాన కొడుతుందో నాకు చెప్పింది ఆవిడే. తను మూడు ఇటుకలు పెట్టి పొయ్యి వెలిగించిన మూలే ఇప్పుడు నా వంటగది.

గృహప్రవేశానికి ఉన్నంతలో మంచి చీర కట్టుకుని వచ్చింది. నేను రవికెల గుడ్డ పెట్టి, పెరట్లో మేస్త్రీల బంతిలో కూర్చోబెట్టాను. ఆవిడ చిన్న కొడుకు మాత్రం తిన్నగా లోపలికి పరుగెత్తి, రోజూ పడుకునే చోట కొత్త టైల్సు మీద వెల్లకిలా పడుకున్నాడు. మా వాళ్ళెవరో "లే, లే" అని చెయ్యి పట్టి లేపేశారు. నేను అక్కడే ఉన్నాను. ఒక్క మాట అనలేదు.

2020 మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి హతియాకి మొదటి ప్రత్యేక రైలు కదిలింది. మా కంది ఐఐటీ కట్టడంలో ఉన్న కూలీలతో సహా సుమారు 1,200 మంది అందులో వెళ్ళారు. టీవీలో ఒక్కొక్క ముఖం వెతికాను. ఆ రైలు జార్ఖండ్‌కి వెళ్ళేదనీ, ఆవిడ అందులో ఎక్కే పనే లేదనీ ఆలస్యంగా తట్టింది. ఒడిశాలో వాళ్ళది ఏ ఊరని, అన్ని నెలల్లో ఒక్కసారీ నేను అడగలేదు.